కవ్వం చప్పుడుకు దిగివచ్చిన చిలుక

కల్హారపురం కోటను ఇప్పుడు చూసినవాళ్ళకు, అది ఒకప్పుడు తలుపులు వేయని కోట అంటే నమ్మబుద్ధి కాదు. చిత్రభాను మహారాజు ఏలిన రోజుల్లో తెల్లవారితే చాలు, పూలబుట్టలవాళ్ళు, పెరుగుకుండలవాళ్ళు, ఏ పనీ లేక ఊరికే రాజుగారిని చూసి పోదామని వచ్చినవాళ్ళు అందరూ కలగలిసి సింహద్వారం గుండా లోపలికి పోయేవారు. పాలరాతి మెట్ల మీద నెమళ్ళు అడ్డంగా పడుకుంటే మంత్రులే పక్కకు తప్పుకుని నడిచేవారు. చంద్రకాంతపు స్తంభాలు, పగడాల చూరు, పచ్చల తోరణాలు అన్నీ ఉండేవి. కానీ ఆ కోటకు అందం వాటివల్ల వచ్చిందని నేననను. వంటశాలలో వేసిన తాలింపు వాసన కొలువుకూటం దాకా రావడం వల్ల వచ్చింది. అలాంటి కోటలు ఇప్పుడు ఎక్కడున్నాయి?

మాంత్రికుడు కరాళకంఠుడు వచ్చి పడ్డాక ఆ వాసన పోయింది. అగడ్త నిండా మొసళ్ళు, బురుజుల మీద భూతాలు, తలుపు వెనుక తలుపు. నడిముంగిట్లో చిత్రభాను మహారాజు మంత్రదండం దెబ్బకు శిలైపోయి నిలబడి ఉన్నాడు. ఆనాడు రాణి కుముదవతి ఐదేళ్ళ పసివాడైన వీరభానుణ్ణి చంకనేసుకుని దొడ్డిదారిన అడవికి పారిపోయింది. ఒక ముని ఆశ్రమంలో వాణ్ణి పెంచి, వాడికి మీసాలు మొలవకముందే విషజ్వరంతో కన్నుమూసింది.

ఆ వీరభానుడే ఇప్పుడు పిట్టలవాడి వేషంలో, బూడిదరంగు గడ్డం అంటించుకుని, భుజాన వలసంచి వేసుకుని, చేత వెదురుగెడ పట్టుకుని, తాను పుట్టిన కోట ముందు నిలబడ్డాడు. ముని చెప్పిన మాట అతని చెవుల్లో ఉంది: "కరాళకంఠుడి ప్రాణం ఒక చిలుకలో ఉంది నాయనా. దాని మెడ నులిమితే వాడు చస్తాడు, నీ తండ్రి లేస్తాడు. ఇంకో దారి నాకు తెలియదు."

ముని చెప్పనిది ఒకటుంది. ఆ చిలుకకు బెంగ పట్టుకుంది. అది ఉలిక్కిపడితే మాంత్రికుడూ ఉలిక్కిపడుతున్నాడు. నిండు కొలువులో ఎవరికో కొరడాదెబ్బలు వేయమని చెబుతూ చెబుతూ, మాట మధ్యలో సింహాసనం కింద దూరుతున్నాడు. చిలుకను కుదుటపరిచినవాడికి అర్ధరాజ్యం ఇస్తానని దండోరా వేయించినవాడే, వచ్చేవాళ్ళను చూసి బెదిరి, అగడ్త మీది వంతెన ఎత్తించేశాడు.

కాబట్టి వీరభానుడు ఈత కొట్టక తప్పలేదు. సగం దూరం పోయేసరికి తాటిమానంత మొసలి నోరు తెరుచుకుని మీదికి వచ్చింది. చేతిలోని వెదురుగెడను దాని దవడల మధ్య నిటారుగా నిలబెట్టాడు. అది నోరు మూయలేక తల విదిలించుకుంటుంటే, దాని వీపు మీదికి ఎక్కి, తోక మీదుగా అవతలి గట్టుకు దూకాడు. గడ్డం తడిసి ఒక పక్కకు జారింది. దాన్ని సర్దుకుని, పిండుకోవలసినవి పిండుకుని, ఏమీ జరగనట్టు ద్వారం తట్టాడు.

దళవాయి రుద్రయ్య తలుపు సందులోంచి ఎగాదిగా చూశాడు. కొత్త ప్రభువు కింద కొలువు చేస్తూ తిండి తక్కువై, భయం ఎక్కువై ఎండిపోయిన మనిషి.

"పేరేంటి?"

"మల్లన్నంటారయ్యా. పిట్టల వైద్యం మా తాతల నాటిది."

"అందరి తాతలదీ అదే వైద్యం," అన్నాడు రుద్రయ్య. అతన్ని చిలుక మందిరంలోకి తీసుకుపోయి, పైకి వేలు చూపించాడు. చూరు నిండా గబ్బిలాలు తలకిందులుగా వేలాడుతున్నాయి. "వాళ్ళంతా నీలాగే వచ్చినోళ్ళు. కుదర్చలేకపోతే ప్రభువు ఇట్టా గబ్బిలాల్ని చేసి వేలాడదీస్తారు. ఆ మూల బొద్దుగా ఉన్నాయన ఆస్థాన వైద్యుడు. ఇప్పటికీ తుమ్మితే మిరియాల కషాయం వాసనొస్తది."

మందిరం నడుమ, బంగారు గొలుసుకు వేలాడుతూ, బంగారు పంజరం. గొలుసుకు ఇనుపనాగు ఒకటి చుట్టుకుని ఉంది. పంజరం దగ్గర చేయి విసురుగా కదిలితే కాటు వేయడం దాని పని. పంజరంలో చిలుక ఒక పక్క నుంచి ఇంకో పక్కకు, ఇంకో పక్క నుంచి ఈ పక్కకు ఆగకుండా నడుస్తోంది. రొమ్ము మీది ఈకలన్నీ తానే పీకేసుకుంది. ఎర్రటి చర్మం బయటపడింది. అరచేతిలో పట్టే ప్రాణి అంత దిగులు ఎక్కడ దాచుకుందో తెలియదు.

"పొద్దెక్కింది, మర్యాద జరగాల," అన్నాడు రుద్రయ్య. ప్రభువుకు ఎన్ని మర్యాదలు జరుగుతాయో చిలుకకూ అన్ని జరగాలని కరాళకంఠుడి ఆజ్ఞ. తన ప్రాణానికి తక్కువ చేస్తే ఎలా మరి? కొమ్ముబూర ఊదేవాడు బుగ్గలు ఉబ్బించి ఊదాడు. దిష్టి తీసేవాడు పళ్ళెం నిండా కర్పూరం వెలిగించి పంజరం చుట్టూ తిప్పాడు. ఇద్దరు సేవకులు చెరో పక్కన నిలబడి, పెద్ద పెద్ద తెల్లని వింజామరలు పైకెత్తి, పంజరం మీదికి ఊపారు.

చిలుక పిచ్చిదైపోయింది. ఊచలకు తల కొట్టుకుంది. రెక్కలు టపటపలాడించి, కీచుమని అరిచింది: "పాలు పొంగుతున్నాయ్, ఎవరే అక్కడ?"

పై అంతస్తులో ధబ్బుమని ఏదో పడిన చప్పుడు. కరాళకంఠుడు మంచం మీద నుంచి దొర్లాడు.

"అదే శాపం," అన్నాడు రుద్రయ్య గొంతు తగ్గించి. "ఎక్కడ పాలు పొంగుతున్నాయో ఎవరికీ తెలవదు. వంటశాలలో ప్రతి పాలగిన్నె కాడా బల్లెంతో మనిషిని పెట్టాం. అయినా ఆగలా."

వీరభానుడికి అతని మాటలు వినబడలేదు. ఆ అరుపు అమ్మ గొంతు. కీచుగా అరిచినా, భయంతో చీలిపోయినా, అది అమ్మ గొంతే. చిలుక కాలికేసి చూశాడు. ఎడమ కాలికి ఒక వేలు లేదు. పిల్లగా ఉన్నప్పుడు కవ్వం తాడులో పడి తెగిన వేలు. అది దవనం. అమ్మ పెంచిన దవనం. పాల ఇంటి కిటికీలో కూర్చుని, తన చేతిలోని అటుకులు లాక్కుని తిని, తనను ఏడిపించిన దవనం. మాంత్రికుడు ప్రాణం దాచుకోవడానికి ఎక్కడెక్కడో వెతక్కుండా, ఆ ఇంట్లోనే ఉన్న చిలుకను పట్టుకున్నాడు.

దీని మెడ నులమాలి. నులిమితే నాన్న లేస్తాడు. అమ్మ గొంతు ఈ భూమ్మీద ఇంకెక్కడా వినబడదు.

ఆలోచిస్తూ నిలబడడానికి అది చోటు కాదు. ముందు చిలుక చేతికి రావాలి. బెదిరిన చిలుక చేతికి రాదు, చేయి విసిరితే ఇనుపనాగు ఊరుకోదు. ఉరుములు ఉరిమిన రోజుల్లో అమ్మ ఏం చేసేదో అతనికి కళ్ళకు కట్టినట్టు కనబడింది. అమ్మ దవనాన్ని బుజ్జగించేది కాదు. అసలు దానివైపు చూసేదే కాదు. పాల ఇంట్లో దానికి వీపు పెట్టి నేల మీద కూర్చుని మజ్జిగ చిలికేది. "దాన్ని చూడకు భానూ. పిట్టను తిన్నగా చూసేది గద్దేరా. మనం గద్దలం కాదని దానికి తెలియాలిగా," అనేది.

గద్ద. వీరభానుడు వింజామరల వైపు చూశాడు. మనుషులకు అవి మర్యాద. చిలుకకు అవి రెక్కలు విప్పుకుని మీద వాలుతున్న గద్దలు. రోజూ, పూట పూటా.

"ఆ వింజామరలు బయటికి పంపండి," అన్నాడు. "బూర వద్దు, హారతి వద్దు. పంజరం కిందికి దించి గోడవారగా పెట్టాలి. ఒక కుండెడు పెరుగూ, కవ్వమూ, తాడూ కావాలి."

"మర్యాద ఆపితే నా తల పోద్ది."

"ఆపకపోతే ప్రభువు మంచం దిగి నడవరు. మీ ఇష్టం దళవాయిగారూ."

రుద్రయ్య పైకప్పు వైపు చూశాడు. పైన ఇంకా ఏదో దొర్లుతున్న చప్పుడు వస్తూనే ఉంది. సేవకులను వెళ్ళమని సైగ చేశాడు.

పెరుగుకుండ తెచ్చింది పోలమ్మ. కుముదవతి నాటి నుంచి పాల ఇంట్లో ఉన్న ముసలిది, కొత్త ప్రభువుకూ మజ్జిగ తప్పదు కాబట్టి బతికిపోయింది. కుండ దింపి, కవ్వపుగుంజ పక్కన పెట్టి, వేషగాణ్ణి కాసేపు చూసింది.

"పెరుగు కాస్త పులిసింది బాబూ. మా రాణెమ్మ ఉంటే ఇట్టాంటి పెరుగు చిలకనిచ్చేది కాదు."

"పరవాలేదు పోలత్తా," అన్నాడు వీరభానుడు అనాలోచితంగా.

చిన్నప్పుడు ఆ కోటలో ఆమెను అలా పిలిచింది రాజుగారి కొడుకు ఒక్కడే. పోలమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొంగుతో ముక్కు తుడుచుకుని, "పులుపు వాసనకు కళ్ళు మండుతున్నాయి," అని రుద్రయ్యతో చెప్పి గడప దగ్గర కూర్చుంది.

వీరభానుడు గొలుసు వదులు చేసి పంజరం మెల్లగా దించాడు. సరిగ్గా అప్పుడే పైన బొద్దు గబ్బిలం తుమ్మింది. పంజరం ఊగింది, అతని చేయి అదిరింది, ఇనుపనాగు పడగ విప్పి మెరుపులా దూకింది. రెండో చేత్తో కవ్వపుగుంజ లాక్కుని అడ్డం పెట్టాడు. కోరలు గుంజలో దిగబడ్డాయి. నాగు తోక అతని నడుముకు చుట్టుకుని బిగించింది. ఊపిరాడలేదు. కళ్ళ ముందు నల్లటి చుక్కలు ఆడాయి. గుంజను మోకాలి కింద తొక్కిపట్టి, నాగు మెడ దగ్గర ఇనుపపొలుసుల సందులో కవ్వం కొన జొనిపి మెలితిప్పాడు. ఎక్కడో లోపల మర ఒకటి టక్కుమని ఊడింది. నాగు ఇనుపగొలుసై జలజలమని నేల మీద రాలింది.

చిలుక కెవ్వుమంది. పైన కరాళకంఠుడూ కెవ్వుమన్నాడు.

"ప్రభువులకు ఇంకా భయం తగ్గలేదు," అన్నాడు రుద్రయ్య నిరాశగా.

వీరభానుడు పంజరం తలుపు తీసేసి, గోడవారగా పెట్టి, దానికి వీపు పెట్టి కూర్చున్నాడు. గుంజ పాతుకుని, తాడు చుట్టి, చిలకడం మొదలుపెట్టాడు. మొదట చేతులకు లయ అందలేదు. రాజకుమారులకు కత్తి తిప్పడం నేర్పుతారు గాని కవ్వం తిప్పడం నేర్పరు. కాసేపటికి చేతులకే అమ్మ చేతుల సంగతి గుర్తుకొచ్చింది. ఒక పక్క పొడుగ్గా, ఇంకో పక్క పొట్టిగా, మధ్యలో చిన్న ఆగుడు. ఘుమ్ ఘుమ్మని చప్పుడు మందిరమంతా నిండింది. పులిసిన పెరుగు వాసన లేచింది. ఆ వాసన వెంటే పాల ఇల్లు కూడా లేచి వచ్చింది: చల్లటి నేల, కిటికీలోంచి పడే ఎండ, గోడకు ఆనించిన గిన్నెలు, అమ్మ మెడ వెనక చెమటకు అంటుకున్న వెంట్రుకలు, వెన్న వచ్చిందా అని కుండలోకి తొంగిచూసే తాను. ఎవరూ తనను ఎక్కడికీ వెళ్ళమనని రోజులు అవి. అతను చిలుకుతూనే ఉన్నాడు.

వెనుక పంజరంలో అడుగుల చప్పుడు నెమ్మదించింది. ఆగింది. ఊచ మీద ముక్కు రుద్దుకున్న చప్పుడు. చాలాసేపు ఏమీ లేదు. తరువాత నేల మీద గోళ్ళ టకటక. అతను తల తిప్పలేదు. వీపు మీద చొక్కా పట్టుకుని ఏదో పైకి పాకింది. భుజం మీదికి వచ్చి, ఈకలు విదిలించుకుని, ఒక కాలు ముడుచుకుని కూర్చుంది.

పైన దొర్లుడు ఆగిపోయింది.

వీరభానుడు ఒక చేత్తో కవ్వం తిప్పుతూనే రెండో చేయి భుజం దగ్గరికి తెచ్చాడు. దవనం ఆ చేతిలోకి దిగింది. వేళ్ళు దాని చుట్టూ మూసుకున్నాయి. దాని గుండె వేళ్ళకు తగులుతోంది. ఇంకాస్త బిగిస్తే చాలు. చిలుక కళ్ళు సగం మూసుకుని, మెడ గోకమని తల వంచింది.

"ఆ చెయ్యి వెచ్చగా ఉంది," అన్నారెవరో.

గుమ్మంలో కరాళకంఠుడు. జడలు విరబోసుకుని, మంత్రదండాన్ని చేతికర్రలా ఆనించుకుని నిలబడ్డాడు. దేశాలను గడగడలాడించిన మనిషి, మెడ గోకించుకుంటున్నట్టు తల పక్కకు వంచి ఉన్నాడు. మెల్లగా వచ్చి కుండకు అవతల చతికిలబడ్డాడు.

"నువ్వు దాన్ని చంపగలవు. నాకు తెలుస్తోంది," అన్నాడు. "అయినా భయం వేయడం లేదు. ఎన్నాళ్ళయిందో ఇలా ఉండి. ఆపకు, చిలుకు."

వీరభానుడి చేయి బిగుసుకోలేదు. చిలుక నమ్మింది కాబట్టి మాంత్రికుడూ నమ్మాడు. ఆ నమ్మకం నులమాలంటే దవనం మెడ నులమాలి. అతని వల్ల కాలేదు, అంతే. వీరులు కదా, ఎలాగైనా చేయాలి కదా అనేవాళ్ళు చేతిలో పెంపుడు చిలుకను పట్టుకుని చూడాలి.

అప్పుడే దవనం కళ్ళు తెరిచి, నింపాదిగా, కుముదవతి గొంతుతో పలికింది: "భానూ, స్నానానికి రా నాన్నా. నీళ్ళు చల్లారిపోతున్నాయి."

రుద్రయ్య కత్తి దూశాడు. "రాజుగారి కొడుకు. ప్రభూ, వీడు ఆ పిల్లాడు."

"దించు," అన్నాడు కరాళకంఠుడు. తన నోట వచ్చిన మాటకు తానే విస్తుపోయాడు. "వీణ్ణి చూస్తే నాకు కోపం రావడం లేదు రుద్రయ్యా. ముద్దొస్తున్నాడు. ఇదేం ఖర్మ."

దవనానికి ఎవరంటే ఇష్టమో మాంత్రికుడికీ వాళ్ళంటే ఇష్టం. ఆ సంగతి అర్థమైన మరుక్షణం వీరభానుడు లేచాడు. చిలుకను భుజాన పెట్టుకుని, "రండి, ముంగిట్లోకి పోదాం," అన్నాడు. కరాళకంఠుడు కాదనలేదు. తలుపు తరువాత తలుపు దాటుకుంటూ పిట్టలవాడు ముందు, ఆవు వెనుక దూడలా మాంత్రికుడు వెనుక. దారి పొడవునా భటులు నోళ్ళు తెరుచుకుని చూస్తూ ఉండిపోయారు.

నడిముంగిట్లో ఎండ కాస్తోంది. శిలైన చిత్రభానుడి ముఖం మీద వానలు పెట్టిన చారలున్నాయి.

"ఈయన్ని లేపండి."

"ఈయనంటే భయపడే రాయిని చేశాను," అన్నాడు కరాళకంఠుడు, గుర్తు తెచ్చుకోబోయి తెచ్చుకోలేనట్టు. "ఆ భయమేదో ఇప్పుడు కనబడడం లేదు." దండం ఎత్తి రాజు నుదుటికి తాకించి, మంత్రం చదవడం మొదలుపెట్టాడు. నుదుటి మీద రాతిరంగు కరిగి చామనఛాయ వచ్చింది. కనుబొమలు నల్లబడ్డాయి. కళ్ళల్లో తడి మెరిసింది. పెదవులకు రంగొచ్చింది, గడ్డం దాకా, మెడ దాకా వచ్చింది.

మందిరంలో ఆపిన మర్యాదలు ముంగిట్లో ఆపాలని ఎవరికీ తోచలేదు. ప్రభువు ఎండలోకి వచ్చాడు. ద్వారం దగ్గరి కొలువువాళ్ళు పరుగున వచ్చారు. బూర భోరుమంది. తెల్లని వింజామరలు రెండూ ఒక్కసారి పైకి లేచాయి.

దవనం కీచుమని గాలిలోకి లేచింది. కరాళకంఠుడి నోట్లో మంత్రం తెగిపోయింది. ముఖం పాలిపోయి, దండం వెనక్కు లాక్కుని, "వీడు చంపడానికొచ్చాడు, పొడవండి," అని అరిచాడు.

భటులు నాలుగు వైపుల నుంచీ వచ్చి పడ్డారు. వీరభానుడు మొదటివాడి బల్లెం పట్టి లాగి వాణ్ణి రెండోవాడి మీదికి తోశాడు. మూడోవాణ్ణి కాలు అడ్డం పెట్టి పడేశాడు. రుద్రయ్య కత్తి అతని చెవి పక్కగా పోయి పెట్టుడుగడ్డాన్ని సగం కోసుకుపోయింది. వెనుక నుంచి ఎవరో మోకాళ్ళ మీద కొట్టారు. అతను తండ్రి పాదాల దగ్గర బోర్లా పడ్డాడు. వెల్లకిలా తిరిగేసరికి బల్లెం మొన రొమ్ముకు తగిలింది. పైన చిలుక గిరగిరా తిరుగుతూ అరుస్తోంది. అది అరిచిన ప్రతిసారీ కరాళకంఠుడు, "ఊ, కానీండి," అని వణుకుతున్నాడు.

"దవనం," అన్నారు పైనుంచి. "ఎందుకే ఆ గోల? అమ్మగారేరీ?"

మెడ దాకా మనిషి, ఆ కిందంతా రాయి. చిత్రభానుడు చిలుకను చూస్తున్నాడు. గొంతులో ఆదుర్దా లేదు, ఇంట్లో రోజూ మాట్లాడే గొంతు. చిలుక ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది, వచ్చి ఆయన రాతిభుజం మీద వాలింది. ఈకలు సర్దుకుంది. రాణి గొంతుతో, ఎప్పుడూ చెప్పే బదులే చెప్పింది.

"వస్తున్నానండీ. ఒక్క క్షణం."

రొమ్ము మీది బల్లెం ఆగింది, ఎందుకంటే పొడవమని ఎత్తిన కరాళకంఠుడి చేయి మెల్లగా కిందికి దిగింది. గుమ్మం దగ్గర పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

చిత్రభానుడు పాల ఇంటి వైపు ఒకసారి చూసి నవ్వుకున్నాడు. ఆయనకు తాను రాయైన ఆ ఉదయం ఇంకా గడవలేదు. కింద పడి ఉన్న కుర్రవాడి మీదికి చూపు దించాడు. పోల్చుకోలేదు.

"ఎవరు బాబూ నువ్వు? ఎండన పడి వచ్చినట్టున్నావు. రాణిగారు వస్తున్నారు, మజ్జిగ తాగి పోదువుగాని." తరువాత భటులతో అన్నాడు, "ముందు ఆ బల్లేలు దించండయ్యా. మా అబ్బాయి చిన్నవాడు. చూస్తే జడుసుకుంటాడు."

వీరభానుడు లేచి నిలబడ్డాడు. చెప్పవలసిన మాట నోటిదాకా వచ్చింది. తండ్రి భుజం మీద నుంచి దవనం మెడ సాచి అతని ముఖంలోకే చూస్తోంది. దాని వెనుక మాంత్రికుడు దండం పట్టుకుని, సగంలో ఆగిన మంత్రంతో, పసివాడిలా నిలబడి ఉన్నాడు.

"అవును మహారాజా, అమ్మగారు వస్తున్నారు," అన్నాడు వీరభానుడు, చిలుక బెదరకుండా నింపాదిగా. "ఆవిడ వచ్చేలోగా ఈ పెద్దాయన్ని మంత్రం పూర్తి చేయనివ్వండి."